మూడో బ్లాకు

మమత రోజూ తొమ్మిదింటికి బాచుపల్లిలో బస్సు దిగేది. సందు చివర షట్టరు సగం ఎత్తి, వంగి లోపలికి దూరి, ముందుగా హోనింగ్ మిషను మీద కప్పిన పాత దుప్పటి తీసి మడిచేది. తర్వాత నేల ఊడ్చి, నిన్నటి ఇనుప రజను డబ్బాకెత్తి, స్టవ్ మీద చాయ్ పెట్టేది. చాయ్ పొంగే వేళకి జ్ఞానప్రకాశం స్కూటర్ చప్పుడు వినబడేది. అరవై ఐదేళ్ళ మనిషి, తెనాలి దగ్గర పల్లెటూరివాడు. ముప్పై ఏళ్ళ కిందట ఒక్క బోరింగ్ మిషనుతో వచ్చి ఇక్కడ బండి ఇంజన్లు బాగుచేసే షెడ్డు వేశాడు. ఇప్పుడు చుట్టూ కాలేజీలూ హాస్టళ్ళూ లేచాయి గాని, ఆ షెడ్డు రేకులు మాత్రం అవే.

మమతది నర్సాపూర్ అవతల చిన్న ఊరు. పట్నం వచ్చిన కొత్తలో రెండేళ్ళు ఒక కంటి దవాఖానలో హౌస్‌కీపింగ్ చేసింది. తర్వాత ఈ షెడ్డులో ఊడ్చే పనికి కుదిరింది. ఊడుస్తూ చూసింది, చూస్తూ నేర్చుకుంది. పెద్దాయన చేతులు వణకడం మొదలయ్యేసరికి హోనింగ్ మొత్తం ఆమె చేతికే వచ్చింది. ఆ పనిలో ఇది తొమ్మిదో ఏడు.

ఇంజనుకి బ్లాకంటే ఇంటికి గోడల్లాంటిది. పిస్టన్లు పైకీ కిందికీ ఆడే గుండ్రటి బోర్లు అందులోనే ఉంటాయి. అరిగిన బోరును కొంచెం పెద్దది చేసి, చివర్లో సన్నరాళ్ళతో రుద్దుతారు. గోడ మీద వెంట్రుకల్లాంటి అడ్డగీతలు పడతాయి, నూనె నిలవడానికి. అదే హోనింగ్. ఈ షెడ్డులో హోనింగ్ అయిన బోరును తెల్లగుడ్డతో తుడిచాక, ఆ ఇంజనుతో బండి తోలబోయే మనిషి వంగి చూస్తే లోపల దారి కనబడేది. టిప్పర్లవాళ్ళకి క్వారీ దారి, స్కూలు వ్యాన్లవాళ్ళకి స్కూలు గేటు. ఒక ట్రాలీ డ్రైవరు సముద్రపొడ్డు చూసి నవ్వుకుంటూ వెళ్ళాడు. మూడు నెలలకి మచిలీపట్నంలో పని దొరికిందని ఫోన్ చేశాడు. తోలబోని వాళ్ళకి మాత్రం గీతలే కనబడేవి. ఇది ఆ వీధిలో అందరికీ తెలుసు. పార్టుల దుకాణంవాళ్ళు గిరాకీని "బోరు చూసుకున్నవా?" అని అడిగేవాళ్ళు, టైర్లలో గాలి చూసుకున్నావా అన్నట్టు.

మమతకి బండి తోలడం రాదు. తొమ్మిదేళ్ళలో ఆమె ఏ బోరులోనూ గీతలు తప్ప చూడలేదు.

ఫిబ్రవరిలో ఒక శనివారం మధు వచ్చాడు. ముప్పై ఎనిమిదేళ్ళు, రాయదుర్గంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, కొండాపూర్‌లో భార్య సరితతో కాపురం. అతని తెల్ల సెడాను తాడుతో లాక్కొచ్చారు. ఏడేళ్ళుగా దాన్ని కొంచెం కొంచెంగా మార్చుకుంటూ వచ్చాడు. మొన్న, ఇంజనులోకి గాలి ఎక్కువగా తోసే పెద్ద టర్బో బిగించి గట్టిగా తొక్కితే, రెండో బోరు పక్కన బ్లాకు చీలిపోయింది. మమత కారు చుట్టూ తిరిగి చూసింది. ఎడమవైపు తలుపుల మీద పొడుగాటి గీకుళ్ళు ఉన్నాయి. ఆ వైపు అద్దం కొత్తగా వేయించినట్టుంది.

"ఎంత బలం కావాలండీ?" అని అడిగాడు జ్ఞానప్రకాశం.

"ఆరువందల హార్స్‌పవర్ సార్."

"రేసులకా?"

"కాదు సార్. రోడ్డు మీదికే. కొత్తగూడ సిగ్నల్ల ఏసీ ఏసుకొని నిలబడాలె. మా సరితను కూరగాయలకు తోల్కపోవాలె. మల్ల రోడ్డు ఖాళీ దొరికితే మాత్రం..." అని ఆగి నవ్వాడు. "ఆఫీసుల నేను చేసే పని చేతికి తగలది సార్. పొద్దంత చేసినా పట్టుకుంటానికి ఏమీ ఉండది. గిదొక్కటి చేతులార చేసి, నా చేతులతోని తోలాలని."

పెద్దాయన తల ఊపాడు. అలాంటి మాట చెప్పినవాడి పని ఆయన ఎప్పుడూ కాదనలేదు.

నెల రోజుల్లో బల్ల మీద మూడు బ్లాకులు చేరాయి. మొదటిది కారుదే. ఇంజను దించాక కారును మధు ఇంటికి లాక్కెళ్ళారు. చీలిన చోట అతుకు వేసి, నాలుగు బోర్లలోనూ స్లీవులు, అంటే కొత్త ఇనుప గొట్టాలు, దింపారు. రెండోది మధు విదేశం నుంచి తెప్పించిన కొత్త అల్యూమినియం బ్లాకు. అద్దంలా మెరుస్తుంది, మమత ఒక్కతే ఎత్తి బల్ల మీద పెట్టేంత తేలిక. మూడోది తుక్కు యార్డులో జ్ఞానప్రకాశం స్వయంగా ఏరుకొచ్చిన పాత ఇనుప బ్లాకు, అదే రకం ట్యాక్సీది. రెండున్నర లక్షల కిలోమీటర్లు తిరిగింది. దాన్ని దింపడానికి గొలుసు కప్పీ కావలసి వచ్చింది.

మధు కళ్ళు రెండోదాని మీదే ఉన్నాయి.

"ఇది బావుంటుందండీ, కాదనను," అన్నాడు పెద్దాయన. "ముందు చక్రాల మీద బరువు తగ్గుద్ది. కారు చురుగ్గా తిరుగుద్ది. కానీ అల్యూమినియం వేడికి పెరుగుద్ది, చల్లారితే తగ్గుద్ది. మీరేమో ఏప్రిల్ ఎండలో సిగ్నల్ దగ్గర నిలబడాలంటున్నారు. లోపల ఆరువందల గుర్రాలు తన్నుతుంటే, బయట నలభై మూడు డిగ్రీలు. రోజూ అదే సాగుడు, అదే ముడుచుకోడం. పైన మూతలా ఉండే హెడ్డుకీ బ్లాకుకీ మధ్య గ్యాస్కెట్ రేకు ఎన్నాళ్ళు పట్టుకుంటుందో నేను మాట ఇవ్వలేను."

"మరి గా పాత దాంట్ల ఏమున్నది సార్? తుప్పు బట్టింది గదా."

"తుప్పు పైదే. కొత్త ఇనుము పోత పోశాక కూడా లోపల్లోపల కదులుతూనే ఉంటదండీ. ఇదేమో వేలసార్లు వేడెక్కి చల్లారి, ఎక్కడ సర్దుకోవాలో అక్కడ సర్దుకుంది. మా ఇంట్లో ఆవకాయ కలిపిన రోజు ఎర్రగా నోరూరిస్తుంది. కానీ మా ఆవిడ వేలు పెట్టనివ్వదు. మాగనీ అంటది. ఇదీ అంతే. మాగిన ఇనుము."

మాటలతో వదలలేదు. గోడ మందం కొలిచే మీటరు పెట్టి ఒక్కో బోరు చుట్టూ ఎనిమిది చోట్ల కొలిచారు. మొదటి బ్లాకులో మూడో బోరు ఒకవైపు బాగా పలచబడింది. ఆరువందలకి అది ఆగదు. ఇనుప బ్లాకులో ఎక్కడా అయిదు మిల్లీమీటర్లకి తగ్గలేదు. అయస్కాంతం ఆనించి సన్నటి ఇనుప పొడి చల్లారు. పగులుంటే పొడి అక్కడ గీతలా పేరుకుంటుంది. ఎక్కడా పేరుకోలేదు. కింద పిస్టన్లు తిప్పే ఇరుసును, అంటే క్రాంకును, పట్టి ఉంచే క్యాపులు మాత్రం ఉక్కువి చేయించాలన్నాడు పెద్దాయన.

"అయితే సార్, చూసుకొని డిసైడ్ చేస్త," అన్నాడు మధు. చూసుకోవడమంటే బోరులోకి చూసుకోవడమే.

మమత వారం రోజులు పని చేసింది. నాలుగేసి బోర్లు, మూడు బ్లాకులు. శనివారం మధు చొక్కా చేతులు మడిచి మొదటి బ్లాకు మీదికి వంగాడు. చాలాసేపు చూశాడు.

"గీతలే."

"అది ఆగే బ్లాకు కాదులెండి. దారెట్లా ఉంటది?" అన్నాడు పెద్దాయన.

అల్యూమినియం బ్లాకులో చూశాడు. గీతలే. మూడోదాంట్లో ఒక్కో బోరుకీ ఒక్కో కన్ను మార్చి మార్చి చూశాడు. టార్చిలైట్ వేసి చూశాడు. లేచి నిలబడేసరికి ముఖం పాలిపోయింది.

"మూడిట్ల ఒక్క దాంట్ల గూడ లేదు సార్."

పెద్దాయన టార్చి అందుకుని ఆర్పాడు. అలా అంతకుముందు రెండుసార్లే జరిగింది. ఒకాయన ఆ వారమే లారీ అమ్మేశాడు. ఇంకొకాయనకి కాలు విరిగి బండి కొడుకు తీసుకున్నాడు.

మమత చాయ్ పోసి తెచ్చింది. మధు ఎడమపక్క నిలబడి గ్లాసు చాచింది. "అన్నా, చాయ్." అతను మాట విని అటు తిరగబోయాడు, మోచెయ్యి తగిలి గ్లాసు కిందపడింది.

"అయ్యో, చూడలే చెల్లె, సారీ."

"ఫికర్ లేదన్నా." ఆమె ఇంకో గ్లాసు తెచ్చింది. ఈసారి కావాలనే మాట్లాడకుండా అదే పక్క, అతని చెవికి సమంగా చాచి పట్టుకుంది. మధు బ్లాకు వైపే చూస్తున్నాడు. ఆమె గ్లాసును మెల్లగా ముందుకు జరిపింది. చెంప దాటింది, ముక్కుకి అటూ ఇటూగా వచ్చింది. అప్పుడు గాని అతను ఉలిక్కిపడలేదు.

"అన్నా, ఒక మాట చెప్త, ఏమనుకోకు. బైకులు ఎడమ దిక్కుకెళ్ళి ఒక్కసారే వచ్చినట్టు అనిపిస్తదా?"

"హైదరాబాద్ల అందరికీ గంతే గదా."

"అందరికీ గాదన్నా. నేను కంటి దవాఖానల పనిచేసిన. గిట్లనే, తలుపు పక్కకు గుద్దుకునేటోళ్ళు వస్తుండె. ముంగట మంచిగనే కనవడ్తది వాళ్ళకు. పేపర్ చదువుతరు. పక్కలే పోతయి. రేపే పోయి చూపించుకో."

మధు తన ఎడమ అరచేతిని చెవి పక్క పెట్టి, మెల్లగా ముందుకు జరిపి చూసుకున్నాడు.

అతను వెళ్ళాక, తుప్పు పట్టకుండా బోర్లకి నూనె రాయడానికి మమత మూడో బ్లాకు దగ్గరికి వచ్చింది. నూనె రాసేముందు అలవాటుగా తెల్లగుడ్డతో తుడిచింది. మొదటి బోరు తుడిచి, రెండోది తుడుస్తూ ఆగిపోయింది. లోపల రోడ్డుంది. రెండువైపులా టేకుచెట్లు, పెద్ద పెద్ద ఆకులు, పిట్టగోడ మీద కోతులు. నర్సాపూర్ అడవి రోడ్డు. ఎన్నోసార్లు బస్సు కిటికీలోంచి పక్కకి చూసిన రోడ్డే. కానీ ఇప్పుడు అది పక్కకి పోవడం లేదు. నడిమధ్య నుంచి ఎదురొస్తోంది, స్టీరింగ్ ముందు కూర్చున్నవాళ్ళకి వచ్చినట్టు.

ఆమె గబగబా నూనె పూసింది. ప్లాస్టిక్ కవరు కప్పి తాడు కట్టింది. పెద్దాయనకి కూడా చెప్పలేదు. ఇంకొకరి బ్లాకులో తన దారి చూడటం, ఇంకొకరి ఇంట్లో చెప్పకుండా అన్నం తిన్నట్టనిపించింది.

పది రోజులకి మధు ఆటోలో వచ్చాడు. చేతిలో కాగితాలున్నాయి. ఒక నల్ల డబ్బాలో తల పెట్టించి, వెలుగు చుక్క కనబడ్డప్పుడల్లా బటన్ నొక్కమన్నారట. కాగితం మీద, అతను నొక్కని చోటంతా నల్లగా ఉంది. ఎడమకంట్లో ఎక్కువ, కుడికంట్లో మొదలు.

"నీటికాసులు అంటరంట," అన్నాడు. "మా నాయినకు గూడ ఉండెనేమో. చివర్ల గోడలు పట్టుకొని నడుస్తుండె. ముసలితనం అనుకున్నం. డాక్టరమ్మ ఏమన్నదంటే, పోయింది రాదు. కని ఉన్నది కాపాడుకోవచ్చు. జిందగీ మొత్తం పొద్దుమాపు చుక్కల మందు. ఇంకో రెండేండ్లు గిట్లనే ఉంటే ఎదురుంగున్న మనిషి గూడ కనవడకపోవు అన్నది. ఎట్ల తెల్సుకొని వచ్చినవు ఇంత ముందుగాల, అని అడిగింది."

"ఏం చెప్పారు?" అని అడిగాడు పెద్దాయన.

"బోర్ల దారి కనవడలేదని చెప్పిన. అవునా, మంచిది, అన్నది. రాసుకున్నది."

జ్ఞానప్రకాశం కుర్చీ జరిపాడు. మధు కూర్చోలేదు. ప్లాస్టిక్ కప్పిన బ్లాకుల వైపు చూడకుండా, గోడకి చెప్పినట్టు చెప్పాడు.

"బండి తోలొద్దన్నది సార్. అన్నీ తుక్కుకిచ్చేయండి. కారు గూడ."

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మమత చేతిలోని గుడ్డ బల్ల మీద పెట్టింది. చెప్పకపోతే ఆ బ్లాకు రేపే కరిగిపోతుంది. చెప్తే ఈ మనిషి ఏమైపోతాడో తెలీదు.

"అన్నా, మూడోదాంట్ల దారున్నది," అంది. "నాకు కనవడ్డది."

మధు ఆమె వైపు పూర్తిగా తిరిగాడు.

"నీకా? నీకు డ్రైవింగే రాదు గదా."

"రాదు."

"ఏడేండ్లు." అతని గొంతు పెరగలేదు, పెరిగితేనే బాగుండేది. "ఏడేండ్ల నుంచి ఒక్కొక్క నట్టు జమ చేసిన. నా బండిల, నీ దారి."

"నేను అడగలే అన్నా."

"తెల్సు," అని అతను షట్టరు కిందనుంచి వంగి వెళ్ళిపోయాడు. ఎడమ భుజం ఫ్రేముకి తగిలింది. ఆగి, తడుముకుని, మళ్ళీ నడిచాడు.

రెండు వారాలు అతని నుంచి కబురు లేదు. పెద్దాయన తుక్కువాణ్ణి పిలవలేదు. మమత తన పని తాను చేసుకుంది. ట్రాలీలొచ్చాయి, పోయాయి. డ్రైవర్లు వంగి తమ దారులు చూసుకుని తృప్తిగా లేచారు. ఆమె మాత్రం ఆ ప్లాస్టిక్ ముట్టుకోలేదు. ఒకరోజు తిండి తినకుండా ఊరికే కూర్చుంటే జ్ఞానప్రకాశం అన్నాడు: "అమ్మాయ్, నిజం చెప్పినందుకు బాధపడతన్నావా, ఆయనకి తగిలినందుకా?"

"రెండూ సార్. నాకు గా దారి మంచిగ అనిపించింది. గందుకే ఇంకా బాధ."

మూడో శనివారం మధు వచ్చాడు. రాయదుర్గంలో ఆఫీసు నుంచి మెట్రో ఎక్కి, మధ్యలో లైను మారి, మియాపూర్‌లో దిగి, షేర్ ఆటో పట్టుకుని వచ్చానన్నాడు. కొంచెం చిక్కాడు. బల్ల దగ్గరికి వెళ్ళి తనే తాడు విప్పి ప్లాస్టిక్ తీశాడు. మూడో బ్లాకు మీద అరచెయ్యి ఆనించి అలాగే నిలబడ్డాడు.

"ఇంటికి కొనేటోడొకడు వచ్చిండు మొన్న," అన్నాడు. "కారు చుట్టు తిరిగిండు. సౌండ్ ఎట్లుంటది బ్రో అని అడిగిండు. గంతే. గాడెవడో నాకు తెల్వదు. అమ్మితే గాడు తోలుతడు. అమ్మకుంటే నువ్వు తోలుతవు. నువ్వు తెల్సు నాకు. నా కండ్లు మిగిలినయి అంటే నీ చాయ్ గ్లాసుతోని." బ్లాకు అంచు వేళ్ళతో తడిమి, "పొద్దుగాల సరిత అన్నది, తోలేది ఒక్కరే గని కూసునేటోళ్ళు నలుగురు గదా అని," అన్నాడు.

మమత చేతులు గుడ్డకి తుడుచుకుంటూ బ్లాకు దగ్గరికి వచ్చింది.

"అయితే ఏ బ్లాకండీ?" పెద్దాయన కావాలనే అడిగాడు. "అల్యూమినియం దాంట్లో కూడా అమ్మాయి చూడొచ్చు. తేలిగ్గా ఉంటది."

"వద్దు సార్. మీరు కొలిచిండ్రు, పొడి చల్లిండ్రు, అన్నిట్ల గిదే నిలబడ్డది. నాకే మెరిసేది కావాలనిపించింది. ముంగట ముప్పై కిలోలు బరువైతే కానియ్యండి. స్ప్రింగులు మారుస్త. గిదే పెడదం."

ఆ వేసవంతా పని సాగింది. ఉక్కు క్యాపులు వచ్చాయి. ఆ కొత్త క్యాపులు బిగించి క్రాంకు కూర్చునే వరసను మళ్ళీ సరిచేశారు. పిస్టన్లు ఒక్కొక్కటీ తూచి, ఒక గ్రాము కూడా తేడా లేకుండా జత చేశారు. ప్రతి బోల్టూ మధే బిగించాడు. ఎదురుగా ఉన్నది అతనికి బాగానే కనబడుతుంది. పక్కన పెట్టిన పానా కోసం తడుముకుంటే మమత చేతికందించేది. ఆదివారాలు మియాపూర్‌లో ఖాళీ జాగాలో సరిత చిన్న కారు మీద మమతకి డ్రైవింగ్. మొదటి రోజు పద్దెనిమిది సార్లు ఇంజన్ ఆగింది. మధు లెక్కపెట్టి మరీ నవ్వాడు. ఆగస్టులో లైసెన్సు వచ్చింది.

"ఆరువందలు ఇప్పుడే ఇయ్యను చెల్లె," అన్నాడు మధు. "టర్బో బూస్ట్ తగ్గించి పెడ్త. ఏడాది సగం బలంతోనే తోలు. చెయ్యి కుదిరినంక పెంచుదం."

"సగమే మూడు వందలు గదన్నా!" అంది మమత. జ్ఞానప్రకాశం పడీ పడీ నవ్వాడు.

దసరా పోయాక మొదటిసారి రోడ్డెక్కించారు. ఆ తర్వాత ప్రతి ఆదివారం పొద్దున తెల్ల సెడాను బాచుపల్లి నుంచి నర్సాపూర్ అడవి రోడ్డు మీదికి బయల్దేరేది. మమత తోలేది. మధు పక్కన కూర్చుని నూనె వేడీ బూస్టూ చూసి చెప్పేవాడు. అతనికి అందని పక్కలు ఆమె చెప్పేది. ఎడమకి చెరువు, కొంగలున్నయన్నా. కుడికి పెళ్ళి ఊరేగింపు. ఎడమకి బైకు వస్తుంది, నేను చూసుకున్న, ఫికర్ చెయ్యకు.

ఏడాది తిరిగాక కళ్ళు మళ్ళీ పరీక్ష చేశారు. కాగితం మీద నలుపు పోయినేడు ఎక్కడుందో అక్కడే ఆగింది. ఆ వారమే మధు బూస్ట్ పెంచాడు.

అప్పుడొక ఆదివారం కొండాపూర్‌లో పెట్రోలు బంకు దగ్గర ఆగారు. ఇంజను చప్పుడుకి, ఆఫీసు ట్యాగులు మెళ్ళో ఉన్న ముగ్గురు కుర్రాళ్ళు బైకులు వదిలి వచ్చారు. బానెట్ తీయమన్నారు. మధు తీసి చూపించాడు.

"ఎంత బ్రో?"

"ఆరువందల పది."

"స్ట్రీట్ కారా? పిచ్చెక్కిస్తున్నవ్ బ్రో! రోజూ నువ్వే తోల్తవా?"

"కాదు, ఈమె." మధు డ్రైవరు సీటు వైపు చూపించాడు. మమత చేతులు స్టీరింగు మీద పెట్టుకుని పెట్రోలు మీటరు చూస్తోంది.

కుర్రాడు ఆమెనీ అతన్నీ మార్చి మార్చి చూశాడు. "మరి నువ్వు?"

"బ్లాకు ఏరింది నేను," అన్నాడు మధు. బానెట్ మెల్లగా మూశాడు.

కారు పక్కకి తీసి ఆపారు. మందు వేళయింది. మధు తల వెనక్కి వాల్చి రెండు కళ్ళల్లో చెరొక చుక్క వేసుకున్నాడు. రెండు నిమిషాలు కళ్ళు మూసుకుని ఉండాలి. మమత ఇంజను ఆపలేదు. సీటు కిందనుంచి, కాళ్ళ కిందనుంచి, ఆ పాత ఇనుము ఒక్క తీరుగా, తొందర లేకుండా మోగుతోంది. కళ్ళు మూసుకునే అతను నాలుగు బోర్లనీ విడివిడిగా విన్నాడు. ఏ ఒక్కటీ తడబడటం లేదు.

"మంచిగ ఉన్నదా అన్నా?"

"మంచిగ ఉన్నది," అన్నాడు మధు, కళ్ళు తుడుచుకుని. "ఇగ పోదం."